ఆటలోని కథ



మా జ్యేష్ఠకుమారుడు పదునాలుగేండ్లవాడు. గడచిన వేసవి మొదలు వాడు సెల్‌ఫోనునందు ఒక జపాను దేశపు ఆటను పట్టి, అన్నమునకు పిలిచినను పలుకక కూర్చుండుచుండెను. లెక్కలలో మార్కులు తగ్గెను. మా వారు ఉపాధ్యాయులు. ఆ ఫోనును పెట్టెలో పెట్టి తాళము వేయుమని మాతో చెప్పిరి. విచారింపకయే శిక్ష విధించుట న్యాయము కాదని తోచి, మేము ఒక రాత్రి వాని ప్రక్కను కూర్చుండి చూచితిమి. పిమ్మట ఆ ఆట చరిత్రమును తెలిసికొంటిమి.

దాని పేరు డ్రాగన్ క్వెస్టు. మొదటి భాగము 1986 మే 27వ తేదీన జపానులో ఎనిక్సు అను సంస్థచే వెలువడెను. కథను, ఆట తీరును కల్పించినవారు యూజీ హోరీగారు. బొమ్మలు వ్రాసినవారు అకీరా తోరియామాగారు. సంగీతము కూర్చినవారు కోయిచీ సుగియామాగారు. ఆడువాడు కథానాయకుడు తానేయై ఊరూర తిరిగి, జనులతో మాటలాడి, రాక్షసులతో పోరి, క్రమముగా బలము సంపాదించి, తుదకు దుష్టుని జయింపవలెను. ఇట్టి ఆటలు అమెరికాలో ముందే కలవు గాని అవి మిక్కిలి చిక్కైనవి. హోరీగారు వానిని పిల్లలకు సైతము సులభసాధ్యము చేసిరి. చేతివేగము లేనివాడైనను ఓర్పుచే గెలువవచ్చును.

ఆ మొదటి యాట 64 కిలోబైట్లలో ఇమిడినది. ఆడినంతవఱకు భద్రపఱచుకొనుటకు అందు తావు లేదు. కావున ఆట 20 అక్షరముల మంత్రము వంటిదానిని చూపెడిది. దానిని కాగితముపై వ్రాసికొని మఱునాడు తిరిగి ఎక్కింపవలెను. ఒక్క అక్షరము తప్పినను పడిన శ్రమ వ్యర్థమే. తప్పులేక వ్రాయుట యెంత ముఖ్యమో ఆ బాలురకు ఏ పంతులును చెప్పనక్కఱ లేకపోయెను!

మూడవ భాగము 1988 ఫిబ్రవరి 10వ తేదీ బుధవారమున వెలువడెను. అంగళ్లముందు జనులు బారులు తీర్చిరి. బడి యెగవేసి వచ్చిన బాలురను పోలీసులు పట్టుకొనిరి. అంతట ప్రభుత్వము దీనికై శాసనము చేసెనని లోకమున ఒక వాడుక కలదు గాని అది నిజము కాదు. 1990లో నాల్గవ భాగమును, 1992లో అయిదవ భాగమును ఆదివారములందే వెలువడినవి. ఆట నిలువలేదు, బడియు చెడలేదు.

నాల్గవ భాగమున తోర్నెకో అను వర్తకుడు కలడు. ఆతని భార్య ప్రతిదినమును భోజనము కట్టి యిచ్చును. అంగడి పెట్టిన పిమ్మట, ఆతడు తెచ్చి యిచ్చిన సరకును లాభమునకు అమ్మును. ఇల్లాలి నేర్పును కథలో చేర్చిన వారిని మేము మెచ్చుకొంటిమి.

మా కుమారుడు ఆడుచున్నది అయిదవ భాగము. అందు నాయకుడు మొదట పసివాడు. శత్రువులు ఆ బాలుని మెడపై కత్తి యుంచగా, మహావీరుడైన తండ్రి చేయి యెత్తక దెబ్బలు సహించి, కొడుకు కన్నులయెదుటనే ప్రాణము విడుచును. ఆ ఘట్టమును మేము చూచిన రాత్రియే మావాడు కన్నులు తుడుచుకొని, మేమున్నామని సిగ్గుపడెను. నాయకుడు పెరిగి పెండ్లియాడి, కవలలకు తండ్రియై, రాజగును. తరువాత శాపముచే రాయియై యొక ధనికుని తోటలో ఎనిమిదేండ్లు నిలుచును. అహల్యోపాఖ్యానమెఱిగిన మనకు ఇది క్రొత్త కాదు. కాని ఇచ్చట తండ్రిని వెదకి విడిపించువారు బిడ్డలే. పురాతనమైన ఖడ్గమును ధరింప నర్హుడైన వీరుడు తాను కాడనియు, తన కుమారుడే యనియు ఆ తండ్రికి తెలియును. తల్లులమైన మనకు ఇంతకంటె దగ్గఱి మాట వేఱొకటి కలదా?

2003లో ఎనిక్సు సంస్థ స్క్వేరు సంస్థతో కలిసెను. 2017లో పదునొకండవ భాగము వచ్చెను. 2021లో టోక్యో ఒలింపిక్సు ప్రారంభమున క్రీడాకారుల ఊరేగింపునకు సుగియామాగారి యీ సంగీతము మ్రోగెను. ఆ యేటనే ఆయనయు, 2024లో తోరియామాగారును గతించిరి.

ఇంత విన్నను, కథ మంచిదగుటచే కాలహరణదోషము తొలగదు. బలము కొఱకు ఆ రాక్షసులనే పలుమాఱు కొట్టుచు గడియలు గడపుట మేము కన్నులార చూచితిమి. ఆ మాటయు దాచక మా వారికి చెప్పితిమి. తుదకు జపానువారి ఆదివారమే మాకును దారి చూపెను. ఆదివారము సాయంకాలము రెండు గంటలు ఆట; తక్కిన దినములందు ఫోను మా వద్ద నుండును. ఆడిన కథను రాత్రి భోజనమువేళ చెల్లెలికి తెలుగున చెప్పవలెను. మొదటి వారము వాడు అలిగెను. రెండవ వారము చెప్పనారంభించెను.

గడచిన ఆదివారము బిడ్డలు తోటలో తండ్రిని కనుగొనిరి. రాయి కరగుచుండగా, అంతవఱకు పత్రిక చదువుచున్న మా వారును కుర్చీని దగ్గఱకు జరుపుకొనిరి.