బండిని ఆపేదేది?

ఆ కాగితం ఇప్పటికీ నా డెస్కు సొరుగులోనే ఉంది. ఆఫీసులో దొరికే న్యూస్‌ప్రింట్ ముక్క మీద ఎర్ర సిరాతో రాసుకున్న జాబితా. ఒకటి, సైలెన్సర్. రెండు, పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు. మూడు, బండి ఎత్తు తగ్గించే స్ప్రింగులు. నాలుగు, ఇంజన్ రీమ్యాప్. అయిదు, స్టిక్కర్లు. కింద రెండు గీతలు గీసి, 'రూ.60 వేలు' అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టా. కొత్తగా కొన్న పాత కారుకి నేను చేయించాలనుకున్న సింగారాల చిట్టా అది. ఆ అయిదింటిలో ఒక్కటీ ఇప్పటిదాకా చేయించలేదు. డబ్బులు మాత్రం అయిపోయాయి!

ఎలాగంటారా..?

డ్రైవరు కొడుకు

మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఖమ్మం డిపోలో ముప్ఫై ఒక్కేళ్లు స్టీరింగ్ పట్టి రిటైరయ్యారు. మా ఇంట్లో ఏనాడూ సొంత కారు లేదు. 'రోజూ యాభై మందిని తిప్పేవాణ్ని, నాకు మళ్లీ బండెందుకు' అనేవారు నాన్న. నాకేమో కార్లంటే పిచ్చి. 2001లో ఫియట్ పాలియో వచ్చినప్పుడు సచిన్ ఉన్న ప్రకటనని పేపర్లోంచి కత్తిరించి లెక్కల పుస్తకానికి అట్ట వేసుకున్నా. అందులో 1.6 లీటర్ల ఇంజన్‌ది వంద హార్స్‌పవర్ అని స్నేహితులకు చెబుతుంటే, అదేదో నేనే తయారుచేసినంత గర్వంగా ఉండేది.

తర్వాత జర్నలిజం డిప్లొమా, ఉద్యోగం, పెళ్లి, పాప, ఇంటి లోను... కారు కల వెనక సీట్లోకి వెళ్లిపోయింది. ముప్ఫై ఏడో ఏట, 2024 జూన్‌లో మళ్లీ ముందుకొచ్చింది. 2016 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. యాభై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. 1.2 లీటర్ల చిన్న ఇంజనే అయినా టర్బో ఉంది కాబట్టి 105 హార్స్‌పవర్ ఇస్తుంది. ఏడు గేర్లు, అవీ వాటంతటవే పడతాయి. పోలో తయారీని మన దేశంలో 2022లోనే ఆపేశారు. అయినా కుర్రకారులో దాని మోజు తగ్గలేదు. 'స్పోర్ట్స్ కారంటే రెండే తలుపులుండాలి గురూ' అని మా ఫొటోగ్రాఫర్ ఏడిపించాడనుకోండి. ఈఎంఐలు కట్టుకునే నాలాంటివాడికి అదే స్పోర్ట్స్ కారు!

కారు ఇంటికొచ్చిన నెలకే మా ఆవిడకు చీటీ డబ్బులు అరవై వేలు వచ్చాయి. 'ఇన్నాళ్లూ మీకోసం ఏం కొనుక్కున్నారు గనక, ముచ్చట తీర్చుకోండి. పాప ఫీజు జోలికి మాత్రం రావద్దు' అంది. ఇంకేముంది, జాబితా తయారైపోయింది.

అదే వారం కంటి పరీక్షకని నాన్న హైదరాబాద్ వచ్చారు. బల్ల మీదున్న కాగితాన్ని కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు. 'అన్నీ ఉరకడానికే రాశావు. ఇందులో బండిని ఆపేదేదీ లేదేంరా?' అన్నారు. నేను నవ్వేశా. పెద్దాయనకి బస్సులు తెలుసు, టర్బోలేం తెలుసు అనుకున్నా. ఆ సాయంత్రమే ఓ దుకాణానికెళ్లి సైలెన్సర్‌కి అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చేశా.

వాన పడిన సాయంత్రం

ఆగస్టులో ఓ రోజు. పాపని డ్యాన్స్ క్లాసు నుంచి తీసుకొస్తున్నా. అప్పుడే వాన వెలిసింది. ఉప్పల్ దాటాక రోడ్డు కాస్త ఖాళీగా కనిపించింది. పాప వెనక కూర్చుని ఏదో చెబుతోంది. పెద్ద వేగం కూడా కాదు, యాభై ఉంటుందేమో. సందులోంచి ఓ బైకు అడ్డంగా వచ్చింది. ముందున్న పాలవ్యాను టక్కున ఆగింది. నేనూ బ్రేకు గట్టిగా తొక్కా. పాదం కింద పెడల్ టకటకా కొట్టుకుంది. బండి మాత్రం ఆగలేదు! సబ్బు మీద కాలేసినట్టు ముందుకు జారుతూనే ఉంది. వ్యాను వెనక రాసిన 'సౌండ్ హారన్ ప్లీజ్' అక్షరాలు పెద్దవవుతూ వచ్చాయి. చివరికి జానెడు దూరంలో ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. వ్యాను డ్రైవరు వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోయాడు. పాప ఒక్కటే మాట అడిగింది. 'నాన్నా, నువ్వు బ్రేకు వేశావు కదా... మరెందుకు ఆగలేదు?'

సమాధానం నా దగ్గర లేదు. ఇంటికొచ్చాక అరగంటసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పొద్దని పాపకి చెబుదామనుకున్నా, నోరు రాలేదు. ఆ రాత్రి నేనే చెప్పేశా. మా ఆవిడ ఏమీ అనలేదు. నాలుగు రోజులు పాపని ఆటోలో పంపింది. అది తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

పక్కగోడ మీద నాలుగంకెలు

మర్నాడు టైర్ల దుకాణానికెళ్లా. అక్కడి కుర్రాడు బండిని చూసీ చూడగానే కింద కూర్చుని టైరు పక్కగోడ మీద వేలు పెట్టాడు. '2817' అని ఉంది. 'సార్, ఇది 2017వ సంవత్సరం, ఇరవై ఎనిమిదో వారంలో తయారైన టైరు. ఏడేళ్లయింది' అన్నాడు. గాట్లు లోతుగానే ఉన్నాయి కదా అన్నా. గోటితో నొక్కి చూపించాడు. రబ్బరు కాస్తా చెక్కలా ఉంది. నీడలో ఊరికే నిలబెట్టినా రబ్బరు కాలంతోపాటు గట్టిపడుతుందట. గట్టిపడ్డ రబ్బరు తడిరోడ్డుని పట్టుకోలేదు. ఏబీఎస్ ఉన్నా చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందే తప్ప, లేని పట్టుని తెచ్చిపెట్టలేదు. ఎంత పెద్ద ఇంజనైనా, ఎంత గొప్ప బ్రేకైనా చివరికి రోడ్డుని తాకేది ఒక్కో టైరు కింద అరచేయంత రబ్బరే!

పాత కారు కొన్నవాళ్లు ముందుగా మార్చాల్సింది ఇదేనని నాకు అలా తెలిసొచ్చింది. మా బండికి కంపెనీ చెప్పిన కొలత 185/60 ఆర్15. 'వెడల్పుగా 195/55 వేయండి సార్, లుక్ బాగుంటుంది' అన్నాడు కుర్రాడు. లెక్క వేస్తే మొత్తం చక్రం ఎత్తు ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు తగ్గుతుంది. పెద్ద తేడా ఏమీ కాదు గానీ, నాకు లుక్కుల మీద మోజు ముందు రోజే తీరిపోయింది. అసలు కొలతలోనే నాలుగూ మార్పించా. ఇరవై నాలుగు వేలు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అదనం.

అక్కణ్నుంచి నాన్నకి తెలిసిన మేస్త్రీ షెడ్డుకి. ఆయన చక్రం విప్పి చూపించాడు. ముందు బ్రేకు ప్యాడ్లు అరిగి సన్నగా ఉన్నాయి. డిస్కులకి అంచు లేచింది. బ్రేక్ ఆయిల్ టీ డికాషన్ రంగులోకి మారింది. ఆ ఆయిల్‌కో గుణం ఉంది, గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. ఘాట్‌రోడ్డు మీద దిగేటప్పుడు బ్రేకులు కాగి, లోపల ఆవిరి బుడగలొస్తే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకే తిరిగినా తిరక్కపోయినా రెండేళ్లకోసారి మార్చాలన్నాడు. నా బండికి ఎప్పుడు మార్చారో సర్వీసు పుస్తకంలో ఎక్కడా లేదు.

డిస్కులు, ప్యాడ్లు, ఆయిల్, ముందు చక్రాల దగ్గర చిరిగిన బుష్‌లు, వైపర్ రబ్బర్లు... సామాన్లకు రాణిగంజ్ చుట్టూ రెండు రోజులు తిరిగా. చీటీ డబ్బులు కరిగిపోయాయి. సైలెన్సర్ అడ్వాన్సు తిరిగిమ్మంటే ఆ దుకాణమతను 'ఆర్డర్ పెట్టేశాం సార్' అన్నాడు. అయిదు వేలు గంగలో కలిశాయి!

చిట్టాకి చట్టం కోత

విలేకరి బుద్ధి కదా, ఆ తర్వాత నా జాబితాలోని వాటి గురించి కాస్త తవ్వా. చూస్తే నేను బతికిపోయాననిపించింది. కంపెనీ తయారుచేసిన అసలు లక్షణాలు మారేలా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతిలేని ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా, లేదా ఆర్నెల్ల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు రోలరుతో తొక్కించే ఫొటోలు పేపర్లలో మీరూ చూసే ఉంటారు. అలాంటి ఫొటోలకి నేనే శీర్షికలు పెట్టిన రోజులున్నాయి!

చట్టం సంగతి పక్కన పెట్టినా, రీమ్యాప్‌తో ఇంజన్ శక్తి పెంచితే ఆ బరువంతా క్లచ్, గేర్‌బాక్స్ మోయాలి. ఎత్తు తగ్గిస్తే మా కాలనీలోని ఆరు స్పీడ్‌బ్రేకర్లకీ బండి పొట్ట గీసుకుంటుంది. పదిహేడు అంగుళాల చక్రానికి సన్నటి టైరే పడుతుంది. మన గుంతల్లో దాని రిమ్ము ఎన్నాళ్లుంటుంది చెప్పండి? ఇవన్నీ బీమా కంపెనీకి చెప్పకుండా చేయిస్తే, రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం కూడా ఉంది. అదే కంపెనీ చెప్పిన కొలతల్లో మంచి టైర్లు, మంచి ప్యాడ్లు వేయించుకుంటే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

'ఆర్సీ నీ పేరు మీదికి మారిందా? ఇన్సూరెన్సో?' అని నాన్న ఫోన్లో అడిగితే నాలిక్కరుచుకున్నా. బండి చేతులు మారిన 14 రోజుల్లోగా బీమాని కూడా పేరు మార్పించుకోవడానికి దరఖాస్తు చేయాలి. నేను ఆర్సీ ఒక్కటే మార్పించుకుని మిగతాది మర్చిపోయా.

పైసా ఖర్చులేనివి

ఆ నవంబర్‌లో నాన్న మళ్లీ వచ్చారు. ఓ ఆదివారం అందరం అనంతగిరి బయల్దేరాం. ఎక్కగానే నన్ను కిందికి దిగమన్నారు. 'ముందు సీటు సరిచేసుకో. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. వీపు సీటుకి ఆన్చి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకి తగలాలి' అన్నారు. అప్పటిదాకా సినిమా హీరోలా వెనక్కి వాలి నడుపుతున్నా. సరిచేసుకున్నాక బండి వేరేలా అనిపించింది. అద్దాలు సర్దించారు. డిక్కీలో మూటలు కట్టి పెట్టుకున్న పాత పేపర్లు దింపించారు. టైర్లలో గాలి పొద్దున్నే, చక్రాలు వేడెక్కకముందే చూడాలన్నారు. ఇవన్నీ పైసా ఖర్చులేని మార్పులే.

అన్నిట్లోనూ ఆయన మాటే నెగ్గలేదు లెండి. వానాకాలంలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు బాగుంటుందన్నారు. అది తప్పని, గాలి తక్కువైతే టైరు నీళ్ల మీద తేలిపోయే ప్రమాదం పెరుగుతుందని చెప్పా. 'అట్లనా' అని ఊరుకున్నారు.

మర్రిచెట్ల నీడన చేవెళ్ల దాటి కొండెక్కాం. దిగేటప్పుడు పక్కసీట్లోంచి చూస్తూ, 'ఎక్కిన గేరులోనే దిగాలి. నీ బండిలో గేర్లు వాటంతటవే పడితే ఎట్లరా మరి?' అన్నారు. లివర్‌ని పక్కకి తోసి గేరు మనమే పట్టి ఉంచొచ్చని చూపించా. రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఆపుతుంటే, బ్రేకు మీద కాలు పెద్దగా పెట్టకుండానే మలుపులన్నీ దిగాం. ఆయన ముఖంలో మొదటిసారి కారంటే ఇష్టం కనిపించింది.

కింద ఖాళీ మైదానంలో ఆపి, 'మీరు నడపండి నాన్నా' అన్నా. వద్దంటూనే కూర్చున్నారు. పది గజాలు వెళ్లారో లేదో, అలవాటుగా ఎడంకాలు క్లచ్ కోసం వెతికి బ్రేకుని తొక్కేసింది. అందరం ముందుకి తూలాం. పాప పకపకా నవ్వింది. 'తాతయ్యా, నువ్వు వేస్తే ఆగిందే!' అంది. నాన్న కూడా నవ్వారు. నేనూ నవ్వా గానీ, గొంతులో ఏదో అడ్డుపడింది.

తిరిగి ఖమ్మం వెళ్లేముందు ఆయన తన సంచిలోంచి పాత టర్కీ తువ్వాలు తీసి, మడతపెట్టి డ్రైవరు సీటు వీపుకి పరిచారు. బస్సులో ఆయన సీటుకి ఎప్పుడూ ఉండేదే. నల్లటి స్పోర్ట్స్ సీటు మీద నీలిచారల తువ్వాలు! ఆఫీసులో మా ఫొటోగ్రాఫర్ చూసి ఇప్పటికీ నవ్వుతుంటాడు. ఆర్సీలో రాయించక్కర్లేని మార్పు అదొక్కటే అని చెబుతుంటా.

అన్నట్టు, పాప ఇప్పుడు ఆటోలో వెళ్లడం లేదు.