అనుకృతి

హుగ్లీ నదికి పశ్చిమతీరాన, హౌరాకు దక్షిణంగా, షాలిమార్ అనే చోటు ఉన్నది. పేరు విని వచ్చినవారికి అక్కడ మొదట ఎదురయ్యేవి పూలమడులు కావు, రైలుపట్టాలు. జహంగీరు 1619లో కాశ్మీరంలో షాలిమార్ తోట వేయించాడు. షాజహాను 1641లో లాహోరులో అదే పేరుతో మరొకటి ఆరంభించాడు. అక్కడ కొండవాగు లేదు. కాలువ త్రవ్వించి నీరు తేవలసి వచ్చింది. పేరు ఎంతదూరమైనా ప్రయాణం చేస్తుంది. రూపం వెంట రావాలంటే మాత్రం నేల సమ్మతించాలి.

ఈ సంగతి గోల్ఫు మైదానాలకు బాగా తెలుసు. బంతిని మొదట కొట్టే చోటినుండి అది చేరవలసిన గుంటవరకు గల భాగాన్ని ‘హోల్’ అంటారు. ఈ ఆటకు పుట్టినిల్లయిన స్కాట్లండు సముద్రతీరంలో కొన్ని హోళ్లు కీర్తనలవలె పేరుమోసినవి. నార్త్ బెరిక్‌లోని ‘రెడాన్’ అట్టిది. క్రిమియా యుద్ధంనాటి కోటబురుజు పేరది. గుంట ఉన్న పచ్చికతిన్నె ఎడమకు, వెనుకకు వాలి ఉంటుంది. ముందు లోతైన ఇసుకగొయ్యి కావలి. సూటిగా కొట్టే సాహసికన్న, కుడిప్రక్క బంతిని దించి వాలు వెంట దొర్లనిచ్చే వివేకికే అక్కడ జయం.

చార్లెస్ బ్లేయర్ మక్డొనాల్డ్ 1872లో అమెరికానుండి చదువుకై సెయింట్ ఆండ్రూస్ వెళ్లి ఈ ఆటకు వశుడైనాడు. తరువాత బ్రిటనులోని మేలైన హోళ్లను పరిశీలించి, వాటి భావాలను లాంగ్ ఐలండులోని నేషనల్ గోల్ఫ్ లింక్స్‌లో నిలిపాడు. ఆ మైదానం 1911లో లాంఛనంగా తెరువబడింది. దాదాపు నూరేళ్లకు, 2010లో, ఆరెగాను తీరాన టామ్ డోక్, జిమ్ అర్బీనా అతని బాటనే అనుసరించి ‘ఓల్డ్ మక్డొనాల్డ్’ను రూపొందించారు. అక్కడా రెడాన్ ఉన్నది.

ఇది చౌర్యమా? కాదు. వారు తెచ్చుకొన్నది స్కాట్లండు మట్టి కాదు. ఆ మట్టి ఆటగానిని అడిగిన ప్రశ్న. ఒకే కీర్తనను పదిమంది పాడితే పది చౌర్యాలు కావు. స్వరం పట్టుబడి భావం పట్టుబడనప్పుడే అది నకలు.

షాలిమార్‌కు ఆవలి ఒడ్డున కలకత్తా ఉన్నది. 1829లో అక్కడ వెలసిన గోల్ఫు సంఘం బ్రిటిషు దీవుల వెలుపల నేటికీ నిలిచి ఉన్నవాటిలో మిక్కిలి పాతది. వంగదేశపు పల్లపునేలలో ఇసుకదిబ్బలెక్కడివి? టాలీగంజ్‌లోని నేటి మైదానంలో ఆటగానిని పరీక్షించే పని చెరువులు చేస్తున్నవి. పాలకుల వినోదంగా వచ్చిన ఆటలో చాలకాలం దేశీయుల వంతు సంచీ మోయటం, పచ్చిక కోయటమే. ఆ మైదానపు పచ్చికను సంరక్షించినవాని కుమారుడు ఎస్.ఎస్.పి. చౌరాసియా అక్కడే ఆట నేర్చి, 2016లోను, 2017లోను ఇండియన్ ఓపెన్ గెలిచాడు. పరాయి ప్రశ్నకు ఈ నేల చెప్పిన సమాధానమది.

షాలిమార్ చెంతనే, శిబ్‌పూర్ వృక్షోద్యానంలో ఒక మహావటం ఉన్నది. తెగులు సోకిన దాని మూలకాండాన్ని 1925లో తొలగించారు. ఊడలు నేలను పట్టుకొని ఉన్నందున చెట్టు నిలిచింది; నేటికీ విస్తరిస్తూనే ఉన్నది. అసలు మాను ఏదని అడిగేవారికి చూపటానికి అక్కడ ఏమీ లేదు. నీడకు వచ్చినవారు ఆ ప్రశ్న అడగరు.