నోటి సాక్ష్యం

నేను పదో తరగతిల ఉన్నప్పుడు మా నాయిన లావుణి పట్టా భూమి మీద పంచాయితీ పడ్డది. నకిరేకల్ నుంచి బస్సెక్కి విచారణకు పోయినం. "కాయితం ఉందా?" అన్నడు సారు. అది ఎన్నడో వానకు నాని చినిగింది. "ఏండ్ల సంది దున్నుకుంటున్నం సారు, పక్క చెల్క రైతును అడుగుండ్రి" అన్నడు నాయిన. ఆ మాట రాసుకోలేదు. ఎదుటోళ్లిచ్చిన కాయితం మాకు చూపలేదు.

చదువుకొని పంతులునయినంక తెలిసింది. రెవెన్యూ విచారణకు సాక్ష్యాల చట్టం అక్షరాలా వర్తించకపోయినా, సహజ న్యాయం వర్తిస్తది. అవతలి కాయితం చూపాలె. జవాబు చెప్పనియ్యాలె. ఎవరి మాట ఎందుకు నమ్మిండో ఉత్తర్వులో రాయాలె.

పాత పహాణీలో అనుభవదారుకు ఒక కాలమ్ ఉండేది. 2020లో వచ్చిన ధరణిలో అదీ పోయింది. 2025 భూభారతి చట్టం ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు చేసుకునే దారి తెచ్చింది. మంచిదే. మరి ఆ కుర్చీల కూసునేటోళ్లకు సాక్ష్యం వినుడు ఎవరు నేర్పుతరు? శిక్షణంటే సెక్షన్ల పాఠం ఒక్కటే కాదు. చదువురాని సాక్షిని కసరకుండ అడుగుడు, చెప్పింది చెప్పినట్టు రాసుడు, రాసింది చదివి వినిపించినంకనే వేలిముద్ర తీసుకునుడు.

తరతరాలు అక్షరానికి దూరం పెట్టి, ఇప్పుడు కాయితం తెస్తేనే నమ్ముతమంటే అది విచారణ ఎట్లయితది?