86 లీటర్ల తెప్ప

సర్ఫింగ్ నేర్పేచోట ముందు అడిగేది మీ బరువు. ఈత వచ్చా అన్నది రెండో ప్రశ్న. ఎత్తు సంగతి వాళ్ళే చూసి అంచనా వేసుకుంటారు. విశాఖలో, ఋషికొండ ఇసుకలో వరసగా పడుకోబెట్టిన బోర్డుల ముందు నిలబడి, పదిమంది వింటుండగా "అరవై నాలుగు" అని చెప్పాలి. చెప్పాక మీ చేతిలో పెట్టేది, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి మనసు పారేసుకున్న ఆ సన్నటి, మొన తేలిన తెల్ల బోర్డు అయివుండదు. ఎనిమిదడుగుల పొడవుతో, నీలంరంగు స్పాంజి తొడుగుతో, చిన్నపిల్లల ఆటవస్తువుని సాగదీసినట్టుండే ఒక మొద్దు. మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి అదే సరైన బోర్డు. ఈ మాట నా ఫ్రెండ్స్‌కి ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇక్కడ రాస్తున్నాను.

బోర్డు అడుగున కొన్ని అంకెలు అచ్చువేసి ఉంటాయి. పొడవు, వెడల్పు, మందం, చివర్లో లీటర్లు. అందరూ పొడవు చూస్తారు. చూడాల్సింది లీటర్లు. బోర్డుని పూర్తిగా ముంచితే ఎంత నీటిని పక్కకి నెడుతుందో ఆ లెక్క అది. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి కాబట్టి మిగతాది హైస్కూల్లో చదువుకున్న ఆర్కిమెడిస్సే. నాకిచ్చినదాని మీద 86 లీటర్లు అని ఉంది. పోటీలకి వెళ్ళేవాళ్ళ ఆరడుగుల బోర్డు ముప్ఫై లీటర్లకి అటూఇటూగా ఉంటుంది. అలాంటిదాని మీద నేను పడుకుంటే ఇద్దరం కలిసి సగం నీళ్ళలోనే ఉంటాం. చేతులు ఎంత ఆడించినా కదలం. వెనకనుంచి అల వచ్చేసరికి దాదాపు దాని వేగం మనమూ అందుకుని ఉండాలి, లేదంటే అది మన కిందనుంచి జారిపోయి ఒడ్డుకెళ్ళిపోతుంది. లీటర్లు ఎక్కువుంటే బోర్డు నీటిమీదే ఉంటుంది, తక్కువ కష్టానికే సాగుతుంది, అల పూర్తిగా నిటారుగా లేవకముందే మనల్ని ఎత్తుకుంటుంది. నిలబడ్డప్పుడు పక్కకి ఒరిగిపోకుండా వెడల్పు కాపాడుతుంది. మన బరువు ఎన్ని కిలోలో లీటర్లు అంతకి తగ్గకూడదు, ఇంకో ఇరవై ఎక్కువుంటే మరీ మంచిది. మొదటి ఏడాదికి నేను పెట్టుకున్న లెక్క ఇదే.

నిజానికి ఉయ్యూరు మనిషికి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాన్న వాళ్ళ తరం పుల్లేరు కాలువలో అరటిబోదెలు పట్టుకుని ఈత నేర్చుకుంది. కొందరు ఎండు సొరకాయ బుర్రలు నడుముకి కట్టుకునేవాళ్ళట. మా కాలానికి లారీ ట్యూబు వచ్చింది, ట్యూబు దొరకనివాళ్ళకి మూత బిగించిన నూనె డబ్బా. కాలువ దగ్గర లావు బోదె కోసమే కొట్టుకునేవాళ్ళు, సన్నది దొరికినవాడు ఏడుస్తూ గట్టుమీద కూర్చునేవాడు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి సిగ్గు తిరగబడింది. పెద్దది పట్టుకుంటే నేర్చుకునేవాడని తెలిసిపోతుందట. తెలిస్తే ఏం? నేర్చుకునేవాళ్ళమే కదా.

ఈ సిగ్గు ఇప్పటిది కూడా కాదు. జాక్ లండన్ 1907లో హవాయి వెళ్ళి, వైకికీ దగ్గర ఒక చిన్న బోర్డు తీసుకుని నీళ్ళలోకి దిగాడు. చుట్టూ ఉన్న పిల్లలు అలల మీద దూసుకుపోతుంటే అతను అక్కడే కొట్టుకుంటున్నాడు. అలెగ్జాండర్ హ్యూమ్ ఫోర్డ్ అనే ఆయన చూసి, ముందు ఆ బోర్డు అవతల పారెయ్యమన్నాడు. దాని మొన అడుగున నేలకి గుచ్చుకుంటే నీ పేగులు బయటికొస్తాయని బెదిరించి, తన పెద్ద బోర్డు చేతిలో పెట్టాడు. అంతటి సాహసాల రచయితకి కూడా సర్ఫింగ్‌లో మొదటి పాఠం బోర్డు మార్చడమే. తర్వాత ఎండకి ఒళ్ళంతా కాలిపోయి మంచమెక్కాడు, అది వేరే కథ. అగాథా క్రిస్టీ కూడా 1922లో దక్షిణాఫ్రికాలో పలచటి చెక్కల మీద బోర్లా పడుకుని మొదలుపెట్టి, అదే ఏడాది హవాయిలో పొడవాటి బరువు బోర్డుల మీద నిలబడటం నేర్చుకుంది. ఈమె ఫొటో చూపిస్తే మా అమ్మ నమ్మలేదు.

పెద్దదైతే చాలదు, మెత్తగానూ ఉండాలి. మొదటి వారం మనం అలల కంటే ఎక్కువగా బోర్డుతోనే దెబ్బలు తింటాం. ఫైబర్‌గ్లాస్ అంచు గానీ కింద ఉండే రెక్క గానీ నుదుటికి తగిలితే కుట్లు పడతాయి. స్పాంజి తొడుగుది తగిలితే వాస్తుంది, అంతే. బోర్డుకీ కాలి మడమకీ మధ్య ఒక తాడు ఉంటుంది, లీష్ అంటారు. అది బోర్డంత పొడుగన్నా ఉండాలి, మరీ పొట్టిదైతే బోర్డు వెనక్కి లాక్కుని మన మీదకే వస్తుంది. ఇంకొకటి, అల వస్తున్నప్పుడు బోర్డు మనకీ అలకీ మధ్యలో ఉండకూడదు, పక్కన ఉండాలి. దీనికి డబ్బులేం అక్కర్లేదు గానీ అందరూ మర్చిపోయేది ఇదే.

నాకు నేర్పినబ్బాయి చేపలుపట్టే కుటుంబంవాడు. ఆ స్పాంజి తొడుగు కింద ఏముంటుందని అడిగితే "థర్మోకోలే అక్కా, మా నాన్న తెప్పలో ఉన్నదే" అన్నాడు. నిజమే. ఒకప్పుడు దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్ళతో కట్టి, అలల మీదుగా లోపలికెళ్ళి, వచ్చేటప్పుడు అవే అలల మీద ఒడ్డుకి జారేవాళ్ళు. కాటమరాన్ అనే ఇంగ్లిషు మాట తమిళ కట్టుమరంలోంచి పుట్టిందే. ఇప్పుడు దుంగల బదులు చాలాచోట్ల థర్మోకోల్ దిమ్మలకి గోనెగుడ్డ చుట్టి తెప్ప కడుతున్నారు. ఆ తెప్పని ఎవరూ సన్నగా, నాజూగ్గా కట్టమని అడగరు. వల, చేపలు, ఇద్దరు మనుషులు, వీటి బరువుని బట్టి కడతారు.

బందరు మాకు గంట దూరం, విశాఖ దాకా ఎందుకు అంటారు. మంగినపూడి దగ్గర చాలా దూరం నడిచినా నీళ్ళు లోతురావు, అడుగున నల్ల మట్టి, అల ఎక్కడో దూరంగా విరిగి నురగై మనదాకా వస్తుంది. కార్తీకపౌర్ణమి స్నానానికి అది హాయి, బోర్డుకి కాదు.

ఆ స్నానానికి కూడా మా అమ్మమ్మ ఏనాడూ సముద్రంలో దిగలేదు. ఆవిడది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెనలో అధికారిక లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. మా ఇంట్లో ఆ మాట ఎత్తరు. సముద్రంలోకి వెళ్తున్నానని తెలిసి అమ్మ రెండు రోజులు మాట్లాడకపోతే, అమ్మమ్మే పిలిచి "ఏదే, ఆ చెక్క చూపియ్యి" అంది. ఫోన్లో చూపించాను, సన్నవీ లావువీ పక్కపక్కన ఉన్న ఫొటో.

"నువ్వెక్కేది ఏది?"

నీలందాన్ని చూపించాను. చాలాసేపు చూసింది. ఆ రాత్రి పాక కూలి, తాటాకు కప్పు విడివడి తేలితే దాని మీద ఆరుగురు పడుకుని తెల్లారేదాకా ఎటు పోతున్నారో తెలీకుండా పోయారట. వాళ్ళ తమ్ముడు కప్పుదాకా రాలేక, చేతికందిన బల్లచెక్క పట్టుకున్నాడు. పిలుస్తూనే ఉన్నాడట కాసేపు. ఇంత వయసొచ్చాక నాకు మొదటిసారి తెలిసింది, అమ్మమ్మకి ఒక తమ్ముడుండేవాడని. ఏడవలేదు. "పెద్దదే తీసుకో. ఎవరేమన్నా సరే" అంది. అమ్మ వంటింట్లోంచి వింటోంది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడుతోంది గానీ, విశాఖ వెళ్ళిన ప్రతిసారీ ఒడ్డుకి రాగానే ఫోన్ చెయ్యాలి.

కొనడం గురించి. మొదటి పది పదిహేను క్లాసులకి కొనకండి, అద్దెదే వాడండి. చిన్నదానికి ఎప్పుడు మారాలి అంటే, విరిగిన నురగలో కాకుండా విరగని అలలో పదిసార్లకి ఏడెనిమిదిసార్లు లేచి, కావలసిన పక్కకి తిప్పగలిగినప్పుడు. అప్పుడు కూడా ఒక అడుగు తగ్గించండి, మూడడుగులు కాదు. పాతది కొనేట్టయితే రెండు చేతులతో ఎత్తి చూడండి. ఉండాల్సినదానికంటే బరువుంటే లోపల నీళ్ళు తాగిందని అర్థం. బొటనవేలితో అక్కడక్కడా నొక్కండి, పైపొర లోపలినుంచి విడిపోయినచోట బుడగలా మెత్తగా తగులుతుంది. మధ్యలో అడ్డంగా మడతపడ్డ గీత ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. పైన గీతలు, పోయిన రంగు పట్టించుకోకండి.

నేను ఎక్కి నేర్చుకున్న ఆ నీలం బోర్డునే, రంగు వెలిసిపోయిందని అమ్మేస్తామన్నారు. నొక్కి, ఎత్తి, అడుగంతా తడిమి చూశాను, బాగానే ఉంది. బస్సు టాపు మీద వేసుకొస్తానంటే ఎనిమిదడుగుల వస్తువు ఇంట్లో ఎక్కడ పెడతావని నాన్న. అమ్మమ్మ మాత్రం అటక కొలిపించింది. తొమ్మిదడుగులు. "అక్కడ పెట్టండి, తుఫాన్ల రోజుల్లో చేతికి అందేట్టు" అంది.