చంటిపిల్లతో ఫిల్మ్ సిటీకి వెళ్ళిన రోజు

మిరపలో తామర పురుగు గురించి రాస్తానని పోయిన పోస్టులో చెప్పాను. అది వచ్చే వారం రాస్తాను. ఇవాళ కొంచెం ఇంటి సంగతి. పోస్టు పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళొచ్చాం. నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే మా పెద్దమ్మాయి, నాలుగో తరగతి చదివే మా అబ్బాయి, తొమ్మిది నెలల మా చంటిది. విన్నవాళ్ళందరూ ఒకటే మాట. "చంకలో పిల్లని పెట్టుకుని అక్కడికెందుకయ్యా, అది కాస్త పెద్దదయ్యాక పోవచ్చుగా" అని. ఆ మాట నిజమే. కానీ చంటిది పెద్దదయ్యేదాకా ఆగితే పెద్దది ఇంకా పెద్దదైపోతుంది కదా.

అసలు సంగతి వేరే ఉంది. మా చంటిది సంక్రాంతి నెలలో పుట్టింది. అప్పుడు మిరపకాయ మొదటి కోత. మూడో నెల వచ్చేసరికి మా ఆవిడ కళ్ళంలోకి రాక తప్పలేదు. కూలీలు దొరకని సంవత్సరం, మీ అందరికీ తెలుసు. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కూర్చున్నచోట ఆడించగలదు గానీ ఎత్తుకుని తిరగలేదు. ఇక పిల్ల ఎవరి చంకలో ఉండాలి? పెద్దదాని చంకలో. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి దించడం, చెల్లెల్ని ఎత్తుకోవడం. మార్చిలో అయితే పదకొండు రోజులు బడే మానేసింది. సెలవు చీటీలో 'జ్వరం' అని రాసి సంతకం పెట్టింది నేనే. ఆ రోజుల్లోనే "కాయ అమ్మగానే నిన్ను ఫిల్మ్ సిటీకి తీసుకెళ్తానమ్మా" అని మాటిచ్చాను. ఏప్రిల్, మే ఎండలకి చంటిదాన్ని తీసుకుని పోలేం. తరవాత దుక్కి, నారు, నాట్లు. అట్లా జరుపుకుంటూ దసరా దాకా వచ్చాం.

మాది జగ్గయ్యపేట పక్క. హైవే ఎక్కితే ఫిల్మ్ సిటీ హైదరాబాద్ కంటే ముందే వస్తుంది. పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి రావచ్చులే అనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "బస్సులో మూడు నాలుగు గంటలు కూర్చుని, మళ్ళీ రోజంతా తిరిగితే పిల్ల తట్టుకోదు" అంది. ముందు రోజు సాయంత్రమే వనస్థలిపురంలో ఉండే మా బావమరిది ఇంటికి వెళ్ళి పడుకున్నాం. ఇది మంచి పని అయింది. చంటిది రాత్రి బాగా నిద్రపోయింది కాబట్టే పొద్దున నవ్వుతా లేచింది.

ఆ రాత్రి పడుకునేముందు పెద్దది నా పక్కకొచ్చి చిన్నగా అడిగింది. "నాన్నా, రేపు చెల్లిని నేను ఎత్తుకోను కదా?"

నేను నవ్వేసి, "ఎత్తుకోవద్దులేమ్మా, రేపంతా నీ ఇష్టం" అన్నాను. అప్పుడు ఆ మాట నాకు పెద్దగా తగల్లేదు.

పొద్దున తొమ్మిదికల్లా గేటు దగ్గరున్నాం. పిల్లలకి టిక్కెట్టు ఎత్తుని బట్టి ఉంటుంది, చంటిదానికి లేదు. అక్కడి నుంచి వాళ్ళ బస్సులోనే చాలా దూరం లోపలికి తీసుకెళ్తారు. ఆ దారిలో నా కళ్ళు నేల మీదే ఉన్నాయి. రాళ్ళు, గుట్టలు, ఎర్ర దుబ్బ. గిన్నిస్ వాళ్ళ లెక్క ప్రకారం ఇది 1,666 ఎకరాలు, ప్రపంచంలోనే పెద్ద సినిమా స్టూడియో. మా ఊరి ఆయకట్టు మొత్తం కలిపినా అంత రాదు. కట్టించిన రామోజీరావు గారు మన కృష్ణా జిల్లా పెదపారుపూడిలో రైతు ఇంట పుట్టిన మనిషి. 'ఈనాడు' పేపరు వచ్చింది 1974లో అయితే, అంతకు ముందే 1969లో రైతుల కోసం 'అన్నదాత' పత్రిక పెట్టారు. మా నాన్న ఆ పత్రిక తెప్పించుకునేవాడు, పాత సంచికలు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. ఇదంతా మా అబ్బాయికి చెప్తుంటే వాడు "నాన్నా, బాహుబలి కోట ఎప్పుడొస్తుంది" అని అడుగుతున్నాడు.

ఎర్ర బస్సులో సెట్టింగులన్నీ తిప్పి చూపించారు. నాలుగు వైపులా నాలుగు రకాలుగా కనిపించే బిల్డింగు, రైల్వే స్టేషన్, విమానం, జైలు. చంటిదానికి ఇవేవీ పట్టలేదు. బస్సు కిటికీలోంచి వచ్చే గాలికి కళ్ళు మూసి తెరిచి నవ్వుకుంటా ఉంది. మాహిష్మతి సెట్టు దగ్గర దిగి ఫోటోలు దిగాం. మా ఆవిడ చంటిదాన్ని నా చేతుల్లో పెట్టి, "శివగామి ఎత్తినట్టు ఎత్తండి" అంది. ఎత్తాను. ఆ ఫోటోలో చంటిది ఏడుస్తా ఉంది, మిగతా అందరం నవ్వుతా ఉన్నాం.

పదకొండున్నరకి ఆటల దగ్గరికి వచ్చాం. అక్కడే నేను తప్పు చేసింది.

గుండ్రంగా తిప్పే ఆట ఒకటి ఉంది. పెద్దది, అబ్బాయి ఇద్దరూ లైన్లో నిలబడ్డారు. ముప్పావు గంట లైను. మా ఆవిడ బాత్రూముకి వెళ్ళింది, చంటిది నా చంకలో ఉంది. ఇంకో నలుగురైదుగురు అయితే పిల్లల వంతు అనగా నా ఫోన్ మోగింది. ఊరి నుంచి మందు కొట్టే అతను. రెండు మందులు కలిపి కొట్టొచ్చా, విడిగా కొట్టాలా అని. శబ్దానికి ఏమీ వినపడట్లేదు, చంటిదేమో ఫోన్ లాక్కుంటా ఉంది. నేను ఏమీ ఆలోచించలేదు. లైను పక్కకి వెళ్ళి చంటిదాన్ని పెద్దదాని చేతికిచ్చి, ఫోన్ పట్టుకుని దూరంగా నడిచాను.

మాట్లాడి వచ్చేసరికి అబ్బాయి ఒక్కడే పైన తిరుగుతూ కేకలు వేస్తున్నాడు. పెద్దది చంటిదాన్ని చంకలో వేసుకుని కంచె బయట నిలబడి ఉంది. పిల్లని ఎత్తుకుని ఎక్కనివ్వరు కదా, లైన్లోంచి బయటికి వచ్చేసింది. ఏడవలేదు, అలగలేదు. ఒక పక్కకి వంగి, నడుం మీద పిల్లని ఆనించుకుని, రెండో చేత్తో తమ్ముడికి చెయ్యి ఊపుతా ఉంది. ఆ నిలబడ్డ తీరు చూస్తే పన్నెండేళ్ళ పిల్ల లాగా లేదు. మన చేలల్లో గట్టు మీద పిల్లని ఎత్తుకుని నిలబడే ఆడకూలీ లాగా ఉంది.

"ఎందుకు బయటికొచ్చావమ్మా, నన్ను పిలవాల్సింది కదా" అన్నాను.

"నువ్వు ఫోన్లో ఉన్నావుగా నాన్నా" అంది.

అంతే అంది. రాత్రి అడిగిన మాట గుర్తు కూడా చెయ్యలేదు. చేసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఫోన్ సైలెంట్‌లో పెట్టి మా ఆవిడ సంచిలో పడేశాను. "మీరు ముగ్గురూ వెళ్ళండి. సాయంత్రం దాకా చంటిది నా దగ్గరే ఉంటుంది" అన్నాను. మా ఆవిడ నమ్మలేదు. "మీ వల్ల అవుతుందా, పాలకి ఏడుస్తుంది" అంది. పాల వేళకి మాత్రం ఫలానా చెట్టు కిందకి వచ్చి ఇచ్చిపోయేటట్టు, మిగతాదంతా నేను చూసుకునేటట్టు మాట్లాడుకున్నాం. పెద్దది వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "నాన్నా, దానికి నిద్రొస్తే చెవి లాక్కుంటుంది, అప్పుడు భుజం మీద వేసుకో" అని చెప్పింది. కన్న తండ్రిని, తొమ్మిది నెలలుగా ఒకే ఇంట్లో ఉన్నాను. నాకు ఆ సంగతి తెలియదు.

మధ్యాహ్నమంతా నేనూ చంటిదీ. ఫ్లాస్కులో వేడినీళ్ళు, డబ్బాలో మా అమ్మ చేసిచ్చిన ఉగ్గు పొడి. కలిపి పెడితే సగం తింది, సగం నా చొక్కాకి పూసింది. డైపరు మార్చడం మొదటిసారి, తిరగేసి పెట్టాను, పక్కన కూర్చున్న ఒక పెద్దామె నవ్వి సరిచేసింది. పక్షుల పార్కులో ఆ రంగుల చిలకల్ని, ఉష్ట్రపక్షిని చూపిస్తే వాటిని వదిలేసి నేల మీద గెంతే మామూలు పిచ్చుకని చూసి కేరింతలు కొట్టింది. తుపాకులు పేల్చే స్టంట్ షో దగ్గరికి తెలియక తీసుకెళ్ళాను. మొదటి శబ్దానికే ఉలిక్కిపడి గుక్కపట్టింది, చెవులు మూసి బయటికి పరిగెత్తాను. రెండున్నరకి చెవి లాక్కుంది. భుజం మీద వేసుకుని నీడన అటూ ఇటూ నడిచాను. పది నిమిషాల్లో నిద్రపోయింది. గంటన్నర అట్లాగే కూర్చున్నాను. చెయ్యి తిమ్మిరెక్కింది, కదపలేదు. పెద్దది రోజూ ఇదే చేసి, ఆ తరవాత హోంవర్కు రాసుకునేది.

సాయంత్రం ముగ్గురూ వచ్చారు. అబ్బాయి ఆపకుండా చెప్తానే ఉన్నాడు. పెద్దది గుండ్రాల ఆట రెండుసార్లు ఎక్కిందట, డాషింగ్ కార్లలో వాళ్ళమ్మని గుద్దిందట. మా ఆవిడ కూడా ఆటలెక్కింది. పెళ్ళయ్యాక ఆమె అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడో గానీ చూడలేదు. లైట్లు వెలిగాక, డాన్సులయ్యాక బయటికి వచ్చాం.

మీలో ఎవరైనా చంటిపిల్లతో వెళ్ళాలనుకుంటే నాలుగు మాటలు. ముందు రాత్రే దగ్గరలో మకాం పెట్టుకోండి. ఎండాకాలం వద్దు. మోసే పిల్లకి పాత నూలు చీర ఒకటి తీసుకెళ్ళండి, పరుపుకి, నీడకి, పాలిచ్చేటప్పుడు చాటుకి అన్నిటికీ అదే. బయటి తిండి లోపలికి రానివ్వరు, పసిపిల్ల తిండి మాత్రం వెంట ఉండాలి. ఆరు నెలల లోపు పిల్లకైతే తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టొద్దు, ఎండలో తిరిగితే మామూలు కంటే ఎక్కువసార్లు పాలివ్వాలి. పెద్ద శబ్దాలుండే షోలకి తీసుకెళ్ళొద్దు. అన్నీ చూడాలని పరిగెత్తకండి, ఒక్క రోజులో ఎట్లాగూ కాదు. ముఖ్యంగా, చంటిపిల్ల ఎవరి దగ్గర ఎంతసేపో పొద్దున్నే మాట్లాడుకోండి. మాట్లాడుకోకపోతే అది తల్లి మీద పడుతుంది, లేకపోతే పెద్దపిల్ల మీద పడుతుంది.

ఇంటికొచ్చాక లెక్కల పుస్తకం తీశాను. విత్తనం, దుక్కి, మందులు, కోత కూలి, కళ్ళం కాపలా, మార్కెట్టు కిరాయి, అన్నీ పైసలతో సహా రాసుకున్నాను. మా పెద్దది చేసిన పని ఏ గడిలోనూ లేదు. కూలి ఇవ్వలేదు కాబట్టి అది ఖర్చు కాదనుకున్నాను. ఆ పదకొండు రోజుల్లో భిన్నాల పాఠం పోయిందట, ఇప్పటికీ లెక్కల్లో అక్కడే తడబడుతోంది.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. నడుం నొప్పితో కోతకి రాలేదు, కానీ పిల్లల్ని బాగా చూస్తుంది. ఇంకో రెండిళ్ళల్లో కూడా చంటిపిల్లలున్నారు. వాళ్ళతో మాట్లాడాను. కోత రోజుల్లో ముగ్గురు పిల్లలూ పెద్దమ్మ దగ్గరే, ఆమెకి రోజుకి 300, మాకు ఇంటికి 100. అరవై రోజులు అనుకున్నా నా వాటా 6,000. ఫిల్మ్ సిటీకి టిక్కెట్లు, తిండి, చార్జీలు కలిపి మాకు అయింది దాదాపు 8,000. ఒక్క రోజు ఆటకి 8,000 పెట్టగలిగినవాణ్ణి, పిల్ల చదువుకి 6,000 పెట్టాలని పోయినేడు తోచలేదు. ఒక ఇంటివాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు, "మా పెద్దపిల్ల ఉందిగా" అన్నారు. వాళ్ళనేం అంటాను, నిన్నటిదాకా నేనూ అదే మాట అన్నవాణ్ణే.

మీ ఊళ్ళల్లో కోతలప్పుడు చంటిపిల్లల్ని ఎవరు చూస్తున్నారు? ఎవరైనా ఇట్లా కలిసి చేసుకుని ఉంటే ఎట్లా చేశారో కింద రాయండి, మాకు పనికొస్తుంది. నిన్న సాయంత్రం చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చంటిది పాక్కుంటూ నా దగ్గరికే వచ్చింది. పెద్దది చూసి, "హమ్మయ్య" అని లెక్కల పుస్తకం తీసుకుని వరండాలోకి పోయింది.