తారిణి నేర్పిన పాఠము

దేశాటనము వలన లోకజ్ఞానము కలుగునని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని దేశములు తిరిగినవారందరును ఒకే విధముగా నేర్చుకొనరు. రైలులోనో విమానములోనో కూర్చుండి పోవువానిని వాహనము మోసికొనిపోవును. కిటికీ దగ్గర చోటు దొరకినచో అతనికి చాలును. తోడి ప్రయాణికుని పేరైనను అడుగకయే అతడు ఊరు చేరవచ్చును. తెరచాపల నావ మీద మహాసముద్రములు దాటువారి సంగతి వేరు. అచ్చట ప్రయాణికులే నావను నడుపుకొనవలెను. ప్రక్కనున్నవారి మంచిచెడ్డలు తెలిసికొనకుండ అచ్చట ఒక్క దినమైనను గడవదు. భారత నౌకాదళమునకు చెందిన ఆర్గురు స్త్రీలు అట్టి ప్రయాణము చేసి, భూగోళమును చుట్టి వచ్చిరి.

వారెక్కిన నావ పేరు తారిణి. తారిణి యనగా దాటించునది. ఒడిషా రాష్ట్రములోని గంజాం జిల్లాలో తారాతారిణి దేవాలయము కలదు. పూర్వము ఓడల మీద వర్తకమునకు పోవువారు ఆ దేవతకు మ్రొక్కుకొని బయలుదేరెడివారట. ఆ పేరే ఈ నావకు పెట్టిరి. గోవాలో నిర్మింపబడిన ఈ నావ 2017 ఫిబ్రవరిలో నౌకాదళమున చేరినది. దీని పొడవు 55 అడుగులు మాత్రమే. బడిలోని రెండు తరగతి గదులను వరుసగా నిలిపినచో దాదాపు అంత పొడవుండును. ఆ కొద్ది చోటులోనే పడకలును, వంటయిల్లును, సామానుల కొట్టును, పటములు చూచుకొను బల్లయు ఇమిడియుండెను.

స్త్రీలను అధికారులుగా తీసికొనుట భారత నౌకాదళము 1992లో ప్రారంభించినది. ఆ తరువాత ఇరువదియైదేండ్లకు, 2017 సెప్టెంబరు 10వ తేదీన, ఈ ఆర్గురును గోవానుండి తారిణి మీద బయలుదేరిరి. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి వారికి నాయకురాలు. ఆమెది హిమాలయముల చెంతనున్న ఉత్తరాఖండము. పాయల్ గుప్తాదియు ఆ రాష్ట్రమే. ప్రతిభా జమ్వాల్‌ది హిమాచల ప్రదేశములోని కులూ లోయ. విజయాదేవిది ఈశాన్యమున మణిపురము. మిగిలిన యిరువురు మన తెలుగు ఆడపడుచులే. పాతర్లపల్లి స్వాతి విశాఖపట్టణపు సముద్రము చూచుచు పెరిగినది. బొడ్డపాటి ఐశ్వర్యది సముద్రము కానరాని హైదరాబాదు. కొండలలో పుట్టినవారును, కడలి యొడ్డున పెరిగినవారును, పీఠభూమివారును ఒక్క నావలో కూడిరి. వారి యిండ్లలో మాటలాడు భాషలు వేరు. తిను తిండి వేరు. చేసికొను పండుగలు వేరు. నావ మాత్రము ఒక్కటియే.

వారు తొందరపడి సముద్రముపైకి పోలేదు. 2009–10లో మాదేయి యను తెరచాపనావ మీద ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన తొలి భారతీయుడు దిలీప్ దోండే. ఆయనయే వారికి గురువు. ఆ మాదేయి మీదనే వారు అభ్యాసము చేసిరి. గాలి యెటునుండి వీచుచున్నదో చెంపకు తగులుటనుబట్టి గుర్తించుట, చిరిగిన చాపను కుట్టుకొనుట, చెడిన యంత్రమును తామే విప్పి బిగించుకొనుట మొదలగు పనులన్నియు నేర్చిరి. నడిసముద్రమున కమ్మరి లేడు, వడ్రంగి లేడు, వైద్యుడు లేడు. ఎవరి పని వారు చేసికొన్న చాలదు. అందరి పనియు అందరికిని రావలెను.

ప్రపంచమును చుట్టివచ్చితిమని చెప్పుకొనుటకు నావికులలో కొన్ని నియమములు కలవు. బయలుదేరిన రేవునకే తిరిగి రావలెను. అన్ని రేఖాంశములను దాటవలెను. భూమధ్యరేఖను రెండుసార్లయినను దాటవలెను. సూయజ్ కాలువ, పనామా కాలువ వంటి దగ్గరిదారులు పట్టరాదు. తెరచాపలతో గాలి బలము మీదనే సాగవలెను. కనీసము 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణింపవలెను. ఈ లెక్క ఎట్లు వచ్చినదో విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. భూమి చుట్టుకొలతకు 360 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి 60 నిమిషములు. ఒక్కొక్క నిమిషమునకు ఒక నాటికల్ మైలు. నాటికల్ మైలనగా 1,852 మీటర్లు. హెచ్చించి చూచినచో దాదాపు 40,000 కిలోమీటర్లగును.

ఇంత దూరమునకు వారికి 254 దినములు పట్టినది. అందులో సుమారు 200 దినములు నీటి మీదనే గడచినవి. విదేశయాత్రకు పోయినవారు విదేశపు నేల మీద నిలిచినది రెండు నెలలకు లోపే. తక్కిన కాలమంతయు వారు చూచినది ఆకాశమును, సముద్రమును, ఒకరి ముఖమునొకరును. కావున ఆ యాత్రలోని పెద్ద పాఠము రేవులలో దొరకినది కాదు. ఆ నావలోనే దొరకినది.

నావకు రాత్రియని, పగలని భేదము లేదు. మనుష్యులు నిద్రించినను గాలి నిద్రింపదు. కొందరు వంతుప్రకారము మేలుకొని చుక్కాని చూచుచుండగా, తక్కినవారు క్రింద పండుకొందురు. వంతు ముగియగానే వారు లేచివచ్చి, వీరిని నిద్రకు పంపుదురు. వినుటకు ఇది చిన్న ఏర్పాటు. కాని ఆలోచించి చూడుడు. క్రింద నిద్రించు ఆమె ప్రాణము పైన మేలుకొన్న ఆమె చేతిలో నున్నది. పైనున్న ఆమె ఒక్క క్షణము కునికినచో నావ అడ్డము తిరుగవచ్చును. మరల నాలుగు గడియలు గడచిన పిమ్మట ఈమె ప్రాణము ఆమె చేతిలో నుండును. ఇట్లు దినమునకు ఎన్నియో సార్లు వారు తమ ప్రాణములను ఒకరి కొకరు అప్పగించుకొనిరి. ఎంత అలసినను వంతు వేళకు లేచుట అచ్చట గొప్పతనము కాదు, ఋణము తీర్చుట. వంట చేయుటయు, గిన్నెలు తోముటయు, వాతావరణపు వివరములను దినదినము గుర్తించి స్వదేశమునకు పంపుటయు ఆ ఋణములోని భాగములే. నాయకురాలని ఒకరికి పని తగ్గలేదు. పిన్నయని మరియొకరికి బాధ్యత తప్పలేదు.

ఆ యేడు దీపావళినాటికి తారిణి ఇంకను హిందూమహాసముద్రము మీదనే యున్నది. అక్టోబరు చివర వారు ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవు చేరిరి. అచ్చటినుండి న్యూజీలాండులోని లిటిల్టన్‌కు పోయిరి. 2011లో వచ్చిన భూకంపమునకు లిటిల్టన్ పట్టణము మిక్కిలి దెబ్బతిన్నది. పడిన గోడలను మరల నిలుపుకొన్న జనులు ఆ దూరదేశపు స్త్రీలకు స్వాగతము చెప్పిరి. రేవు రేవునను వారు అచ్చటి భారతీయులను, బడిపిల్లలను కలిసికొని ముచ్చటించిరి.

లిటిల్టన్ దాటిన తరువాత అసలైన పరీక్ష వచ్చినది. అచ్చట తూర్పునకు పోవువారు అంతర్జాతీయ దినరేఖను దాటుదురు. దాటినంతనే గడచిన తేదీయే మరల వచ్చును. ఒకే తేదీని రెండుసార్లు గడుపవలసియుండును. దక్షిణార్ధగోళమున నలువదవ అక్షాంశము దాటిన పిమ్మట గాలికి అడ్డుపడు నేల చాల తక్కువ. అందువలన పడమటిగాలులు భూమిచుట్టును హోరుమని వీచుచుండును. నావికులు ఆ ప్రాంతమును గర్జించు నలువదులని పిలుతురు. తూర్పునకు పోవు తెరచాపనావకు ఆ గాలియే బలము, ఆ గాలియే భయము. పసిఫిక్ మహాసముద్రమున తారిణిని పట్టిన తుపానులో గాలి వేగము గంటకు 110 కిలోమీటర్లను మించినది. మేడలంతటి కెరటములు లేచినవి.

అట్టి వేళ నావికుడు గాలితో పోట్లాడడు. తెరచాపను తగ్గించును, నడుమునకు త్రాడు బిగించి నావకు కట్టుకొనును, చుక్కానిని వదలకుండ కెరటమును కనిపెట్టుచుండును. మనుష్యుని అహంకారమునకు అచ్చట చోటు లేదు. గాలి పెరిగినకొలది చాపను తగ్గింపవలెనన్న నియమము జీవితమునకును చెల్లును. కోపము, కష్టము, తొందర పెరిగినప్పుడు మన కోరికల చాపను కొంత దించుకొన్నవాడు ఒడ్డు చేరును.

సంక్రాంతి దినములలో తెలుగునాట వాకిళ్లు ముగ్గులతోను, గొబ్బెమ్మలతోను కళకళలాడుచుండగా, తెలుగువారగు ఆ యిరువురును తమ నెచ్చెలులతో కూడ ఆ చలిసముద్రము మీద దక్షిణ అమెరికా కొన దిశగా పోవుచుండిరి. 2018 జనవరిలో తారిణి కేప్ హారన్‌ను దాటినది. పనామా కాలువ 1914లో తెరువబడక పూర్వము ఎన్నియో ఓడలు ఆ కొనను చుట్టి పోయెడివి. వానిలో అనేకములు అచ్చటనే మునిగినవి. అట్టి చోట ఆ ఆర్గురును మన జాతీయ పతాకమును ఎగురవేసిరి. అటు పిమ్మట ఫాక్‌లాండ్ దీవులలోని పోర్ట్ స్టాన్లీలో దిగి విశ్రమించిరి.

మార్చి నెలలో వారు దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ చేరునప్పటికి ఆ మహానగరము నీటికరవుతో అల్లాడుచుండెను. వరుసగా వానలు తప్పుటచే జలాశయములు అడుగంటినవి. మనిషికి దినమునకు 50 లీటర్లకు మించి వాడరాదని నగరపాలకులు ఆ ఫిబ్రవరి నుండి కట్టడి చేసిరి. చుట్టును సముద్రమున్నను త్రాగునీటి బొట్టును లెక్కించి వాడుకొను నావనుండి దిగినవారికి, నీటిని లెక్కించి వాడుకొను నగరమే ఎదురైనది. నగరమైనను నావవంటిదే. ఒకరు వృథా చేసినచో మరియొకరు దాహముతో నుండవలసివచ్చును. ఆ నగరవాసులు నియమమును పాటించి, నీటి వాడకమును తగ్గించి, కుళాయిలు పూర్తిగా మూతపడు దినము రాకుండ కాపాడుకొనిరి.

కేప్ టౌన్ విడిచిన తరువాత ఇక మిగిలినది ఇంటిదారి. గమ్యము దగ్గరపడినప్పుడే మనుష్యునికి తొందర ఎక్కువగును. సరిగా అప్పుడే, హిందూమహాసముద్రమున, తారిణి చుక్కానిని త్రిప్పు యంత్రభాగము చెడినది. చుక్కాని సరిగా లేని నావ కండ్లు లేని మనిషివంటిది. ఆగకుండ పోయినచో అనుకొన్న నెలకే యిల్లు చేరవచ్చును, చేరకపోవచ్చును కూడ. వారు మారిషస్ దీవికి మరలిరి. ముందు అనుకొన్నవి నాలుగు రేవులు మాత్రమే. మారిషస్‌లోని పోర్ట్ లూయీ ఐదవది. అచ్చట నావను బాగుచేయించుకొని మరల బయలుదేరిరి. ఆలస్యమైనదని చిన్నబోలేదు. లోపమును దాచుకొని ముందుకు పోవుటకంటె, ఒప్పుకొని సరిచేసికొనుటకే ఎక్కువ ధైర్యము కావలెను.

2018 మే 21వ తేదీన తారిణి గోవా రేవున తిరిగి లంగరు వేసినది. భారతీయ మహిళలు మాత్రమే నడిపిన నావ భూమిని చుట్టివచ్చుట అదే ప్రథమము. ప్రభుత్వము వారిని నారీశక్తి పురస్కారముతోను, టెన్జింగ్ నార్కే జాతీయ సాహస పురస్కారముతోను గౌరవించినది.

ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగిన తరువాత బోడి మల్లయ్య యని తెలుగులో ఒక సామెత కలదు. గట్టెక్కించినవానిని గట్టెక్కగానే మరచు కృతఘ్నులను గూర్చి పెద్దలు చెప్పిన మాట యిది. తారిణి మీది స్నేహమునకు ఈ సామెత వర్తింపదు. ఎవరి మెలకువ మీద ఎవరు నిద్రించిరో ఆ ఆర్గురికిని తెలియును. అందుచేత ఈ ప్రయాణము ఏ ఒక్కరి ఘనత కాదు.

ఆ నావ అంతటితో విశ్రమింపలేదు. 2024 అక్టోబరు 2వ తేదీన నౌకాదళమునకు చెందిన దిల్నా, రూపా యను ఇరువురు అధికారిణులు అదే తారిణి మీద గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2025 మే 29వ తేదీన తిరిగి వచ్చిరి. ఈసారి నావలో నున్నది ఇద్దరే. ఒకరు కన్ను మూసినచో రెండవవారు ఒంటరిగా ఆ చీకటిలో, ఆ గాలిలో, కన్ను తెరచి కూర్చుండవలెను.

మన యిల్లును, మన బడియు, మన ఊరును అట్టి నావలే. మనము నిశ్చింతగా నిద్రించు ప్రతి రాత్రియు మనకొరకు ఎచ్చటనో ఒకరు మేలుకొని యుందురు. జ్వరము వచ్చిననాడు తలాపున కూర్చుండు తల్లియు, రైలును నడుపు డ్రైవరును, ఆసుపత్రిలోని నర్సును, సరిహద్దులోని సైనికుడును అట్టివారే. వారి వంతు గడచిన తరువాత మన వంతు వచ్చును. ఆ వేళకు పిలువకయే లేచుటయే తారిణి నేర్పిన పాఠము.