చప్పుడు లేని బండి

నిజామాబాదు నుంచి బాసర పోయే దారిలో నవీపేట తగులుతుంది. రైలుస్టేషను, బజారు ఉన్న మామూలు ఊరే. శనివారం నాడు మాత్రం మేకల సంతతో దాని రూపమే మారిపోతుంది. ఊరు దాటి గోదావరి వైపు సాగితే యంచ, కోస్లి గ్రామాలు వస్తాయి. కోస్లి దగ్గర గోదావరి నీటిని పైకెత్తి అలీసాగరు వైపు పంపుతారు.

ఇక్కడ చూడదగినవేమిటని అడిగితే నేను ముందు దారులనే చూపిస్తాను. ఈ కాలువగట్లు, చేల నడుమ బాటలు ఏ ఒక్కరివీ కావు. పొద్దున్నే పొలాలకు పోయే ఆడవాళ్ళు, బడిపిల్లలు, మేకలు, ట్రాక్టర్లు అన్నీ వాటి మీదే. కోతల కాలంలో సగం దారి ఎండబోసిన వడ్లదే!

ఈ దారుల మీదికి ఇప్పుడు బ్యాటరీ సైకిలు అనే కొత్త చుట్టం వచ్చింది. మోకాళ్ళు సహకరించని పెద్దవారికి, దూరాన చదువుకునే పిల్లలకు అది మేలు చేసే బండే. చట్టం కూడా దానిని ఆదరించింది. మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండి, తొక్కడం మానగానే గాని, వేగం గంటకు 25 కిలోమీటర్లకు చేరగానే గాని మోటారు సాయం ఆగిపోయేటట్లయితే, కేంద్ర నియమాల ప్రకారం అది మోటారు వాహనం కాదు, సైకిలే. యూరప్ దేశాలలోనూ దాదాపు ఇవే కొలతలు.

ఒక శనివారం కాలువగట్టు మీద సంతకు పోతున్న మేకల మంద వెనుక ఇటువంటి సైకిలు మీద ఒక కుర్రవాడు వచ్చాడు. బండి చప్పుడు లేదు, గంటా మోగలేదు. పక్కకు వచ్చేసరికి మేకలు చెల్లాచెదరైనవి. ఒకటి కాలువ అంచుదాకా జారి నిలిచింది.

"సప్పుడు లేకుండ వస్తే మాకెట్ల ఎరుకైతది బిడ్డా? గంటన్న కొట్టాలె గద!" అన్నాడు మేకలాయన.

"ఇది సైకిలే కాకా. లైసెన్సు గూడ అక్కరలేదు."

"నీకెరుక గని, మేకకెరుకనా?"

ఇద్దరి మాటా నిజమే. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు ఏడు మీటర్లు. నడిచే మనిషి అంతసేపట్లో మీటరున్నర కూడా పోడు. చట్టం మోటారును కొలిచిందే గాని, ముందు పోయేవారి బెదురును కొలవలేదు.

హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు పక్కన, సౌరఫలకాల కప్పు కింద, 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరులో తెరిచారు. నగరానికి అది చెల్లింది. కాలువగట్టు మీద మేకకొక బాట, మనిషికొక బాట, సైకిలుకొక బాట వేయడం ఎక్కడ సాధ్యం?

కాని ఈ పల్లెలకు మరొక సాధనం ఉన్నది. ఎడ్ల మెడలో గంటలు కట్టినది అందానికే కాదు, బండి వస్తున్నదని ముందువారికి తెలియడానికి కూడా. తలమీద మోపు ఉన్న మనిషి ఎదురైతే వట్టి చేతులవాడే పక్కకు తొలగుతాడు. మంద అడ్డమొస్తే సైకిలు దిగి నిలబడతాడు. ఇవి ఏ నియమావళిలోనూ అచ్చు కాలేదు. కొత్త బండికి సరిపోయే పద్ధతులు మాత్రం ఇవే. దూరాన్నే గంట కొట్టాలి, మనిషి కనబడగానే వేగం తగ్గించాలి, మంద వస్తే దిగాలి.

బాసర యాత్రకు వచ్చేవారు వీలుచేసుకొని నవీపేట దగ్గర ఆగి, కాసేపు ఈ గట్ల మీద తిరగండి. బ్యాటరీ సైకిలు మీద తిరిగినా సరే. శనివారమైతే గంటకు కాస్త ఎక్కువ పని చెప్పవలసి వస్తుంది.